సముద్రంలో అత్తయ్య

నీళ్ళమీద బతికేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. మోసేవాళ్ళు, తోడేవాళ్ళు, బండికెత్తి అమ్మేవాళ్ళు. చేతికి తడి అంటకుండా నీళ్ళమీద బతికేవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆఫీసులో అందరూ అతన్ని కెరటం అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పక్కవాడి వైపు చూస్తాడు.

కెరటం పని కంప్యూటర్లో సముద్రం తయారుచెయ్యడం. బొమ్మల సినిమాల్లో పడవ వెళ్తుంటే కింద నీళ్ళుంటాయి చూడండి, అవి. "అన్ని అలలు కూర్చుని గీస్తావా? చేతులు నొప్పి పుట్టవూ?" అని చుట్టాలు జాలిపడతారు. గీయడు మహాప్రభో! ఆ సంగతి చెప్పలేక అతని తల ప్రాణం తోకకొస్తుంది. అతను ఒక లెక్క రాసిస్తాడు. ఆ లెక్క పట్టుకుని కంప్యూటరు నలుపూ తెలుపూ మచ్చలున్న గుడ్డలాంటిది ఒకటి పుట్టిస్తుంది. తెల్ల మచ్చ ఉన్నచోట నీళ్ళు లేస్తాయి, నల్ల మచ్చ ఉన్నచోట కుంగుతాయి. గుడ్డని జరిపితే అల నడుస్తుంది. అయితే ఒక్క గుడ్డతో సముద్రం కాదు. దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి, పెద్ద మచ్చలవీ చిన్న మచ్చలవీ పొరలు పొరలుగా పరవాలి. పైగా ఏ పొరకా పొర తన దారిన తన వేగంతో పోవాలి. రెండు పొరలు రాజీపడి ఒకేవైపు ఒకేలా పోయాయా, ఇంక అది సముద్రం కాదు, రేకుల షెడ్డు.

ఈ పొరలకి మొదట్లో అందరిలాగే అతనూ అడ్డదిడ్డం పేర్లు పెట్టేవాడు. 'నాలుగో పొర కొత్తది', 'నాలుగో పొర అసలుది', 'నాలుగో పొర ఇదే వాడు'. ఒకసారి చెత్తదనుకుని మంచిదాన్ని చెరిపేసి, నెత్తీ నోరూ బాదుకుని మళ్ళీ మొదట్నుంచీ చేశాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాడు. ఒకేచోట ఉంటూ, ఒకరి మాట ఒకరు వినకుండా, ఎవరి దారిన వాళ్ళు పోతూ, అయినా కలిసే ఉండేది ఎవరు? చుట్టాలు! అంతే, ఆ రోజునుంచీ పొరలన్నిటికీ ఇంట్లోవాళ్ళ వరసలే పేర్లు.

నురగ పొర బావమరిది. కింద అల ఉన్నా లేకపోయినా పైన నురగకి లోటుండదు. తళుకు పొర తోడల్లుడు. ఎక్కడ నాలుగు కిరణాలు పడితే అక్కడికెళ్ళి మెరుస్తాడు. గాలికి మాత్రం భార్య వరస పెట్టుకున్నాడు. ఆవిడ ఎటు వీస్తే మిగతా అందరూ అటే వంగుతారు మరి. ఇక పొట్టిగా, నిటారుగా, ఒకేసారి అన్నివైపులకీ లేచి ఎక్కడా ఆగని అలల పొర ఒకటుంది. దాని పేరు అత్తయ్య.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పేరు పెట్టడంలో అతనికి కక్షేమీ లేదు. చూసి పెట్టాడంతే. మామగారు పోయాక కూతుర్ని చూసి వెళ్దామని వచ్చిందావిడ. ఏడాది దాటింది, చూడడం ఇంకా పూర్తి కాలేదు. పొద్దున్నే కుళాయితో మొదలుపెట్టేది. "ఏం, ఇవాళ కూడా దగ్గుతున్నావా?" అని కుళాయినడిగి, గ్యాసు పొయ్యిని మందలించి, లిఫ్టు దగ్గర పైవాటా ఆవిడతో తగువు పెట్టుకుని, తగువు మధ్యలోనే ఆవిడ మోకాలి నొప్పికి మందు చెప్పి, కిందికెళ్ళి పాలవాడి లెక్క పట్టుకుని, పైకొచ్చి అల్లుడి కంప్యూటర్లోకి తొంగిచూసేది. "ఇదేమిటి, ఎవరో దుప్పటి దులుపుతున్నారు?" అనేది. అది రెండువారాల కష్టం. "సముద్రం అత్తయ్యగారూ" అంటే, "అలాగా! ఏమో, నా కళ్ళజోడు తుడుచుకోలేదు" అని పైటచెంగుతో తుడుచుకుని మళ్ళీ చూసేది. "లేదు, దుప్పటే" అనేది.

ఆఫీసులో పని చేసుకునే మనిషి ఇంట్లోకెందుకొచ్చాడంటే, అదో భాగోతం. వాళ్ళ ఆఫీసు టైర్ల కొట్టుమీద మేడ. పైన నీళ్ళ ట్యాంకు పగిలి గదుల్లోకి ధారలు కట్టింది. నీళ్ళు పుట్టించే ఆఫీసులో నీళ్ళకి భయపడి తలా ఒక కంప్యూటరూ చంకనెత్తుకుని ఇళ్ళకి పరిగెత్తారు. కెరటం తన సముద్రాన్ని తెచ్చి భోజనాల బల్లమీద పెట్టాడు. ఈ కొస అతనిది, ఆ కొస అత్తగారి కూరగాయలది. చెవులకి పెద్ద హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చునేవాడు కాబట్టి ఇద్దరికీ బాగానే సాగింది. ఒకనాడు ఆవిడ చూసుకోకుండా ఆ హెడ్‌ఫోను మీద కూర్చుంది. అది రెండు చెవులకి రెండయింది.

మర్నాడు దర్శకుడితో మాట్లాడే రోజు. పడవలో మేకలు సముద్రం దాటే పిల్లల సినిమా అది. ఆ దర్శకుడు ఏ పనినీ ఎప్పుడూ 'అయింది' అన్న పాపాన పోలేదు. 'ఇంకొంచెం' అంటాడు. అందుకని వెనకాల అతని పేరు కూడా అదే. కెరటం తెరమీదున్నదంతా, పొరల పేర్లతో సహా, అక్కడ అతనికీ కనిపిస్తుంది. హెడ్‌ఫోను లేదు కాబట్టి ఇంకొంచెంగారి గొంతు స్పీకర్లోంచి ఇల్లంతా మోగింది. బల్లకి ఆ కొసన అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"కెరటం, మేకలు అద్భుతం. పడవ అద్భుతం. నీ సముద్రమేనయ్యా, బేసిన్లో నీళ్ళలా ఉంది."

"ఎక్కడంటారు సార్?"

"ఎక్కడేమిటి, ఆ అత్తయ్య! ఒకటే ఎగురుడు. మేకల్ని కనపడనివ్వట్లేదు. సగానికి దించు."

కెరటానికి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఓరకంట ఆ కొస వైపు చూశాడు. ఈనె తీస్తున్న చేతులు ఆగాయి.

"దించావా? ఇంకొంచెం. ఊహూఁ, ఇంకా గోలగానే ఉంది. అసలు తీసేసి చూపించు."

"సార్, అది నేను తర్వాత..."

"తర్వాతేంటయ్యా, ఒక్క నొక్కు నొక్కడానికి! ఆఁ, అదీ! ప్రాణానికి హాయిగా ఉంది. బావమరిదిని ఉంచు, పాపం అతనెవరికీ అడ్డురాడు."

అవతల ఇంకెవరో పకపకా నవ్వారు. ఫోను పెట్టేశాక కెరటం తెరమీంచి కళ్ళు తిప్పలేదు. తిప్పితే ఆవిడ కనిపిస్తుంది మరి.

"చూపించండి అల్లుడుగారూ" అంది అత్తగారు లేచి వచ్చి. కోపంగా కూడా లేదు. "ఎవరెవరున్నారందులో?"

చేసేదేముంది, చూపించాడు. నురగ చూసి ఆవిడ ఫక్కున నవ్వింది. "అచ్చం మావాడే! చిన్నప్పట్నుంచీ ఇంతే, పైపైన." తళుకు చూసి, "పెద్దల్లుడా? అమ్మో, కొత్త బూట్లేసుకున్నప్పుడు ఇలాగే నడుస్తాడు" అంది. కెరటానికి కొంచెం ఊపిరాడింది. అప్పుడావిడ, "అందర్నీ తీసేసి నన్నొక్కదాన్నే చూపించండి" అంది.

ఒక్కొక్కటే ఆపాడు. తెరమీద అత్తయ్య మిగిలింది. పొట్టి అలలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, లేస్తూ, విరుగుతూ, ఒక్కక్షణం ఎక్కడా నిలవకుండా అన్నివైపులకీ ఎగురుతున్నాయి. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇది ఎప్పుడూ ఆగదా?"

"ఆగదండి."

"ఊఁ" అంది. వెళ్ళి మిగిలిన చిక్కుడుకాయలు ముందేసుకుంది.

ఆ సాయంత్రం నుంచీ అత్తగారు నోరు విప్పితే ఒట్టు! కుళాయి ఎంత దగ్గినా పలకరించలేదు. పైవాటా ఆవిడ లిఫ్టు తలుపు తెరిచిపెట్టి మరీ నిలబడింది, తగువు కోసం ఎదురుచూసి ఎదురుచూసి దిగులుగా పైకెళ్ళిపోయింది. అత్తగారు నాలుగు మాటలంటే పడొచ్చు. ఆ నిశ్శబ్దాన్ని భరించడం ఎవరి తరం? కెరటం పళ్ళెంలో గరిట చప్పుడు కూడా కాకుండా కూర పడేది. "రుచిగా ఉంది అత్తయ్యగారూ, ఇల్లు మరీ బోసిగా ఉంది, ఏదైనా మాట్లాడండి" అన్నాడు.

"ఎందుకు అల్లుడుగారూ, ప్రాణానికి హాయిగా ఉంది కదా" అందావిడ.

రెండోరోజు ఆవిడ పెద్దకూతురికి ఫోను చేసి, ఆదివారం వచ్చి తీసుకెళ్ళమని చెప్పింది.

కెరటం భార్య కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఇంటికి రాగానే సంగతి విని ఒంటికాలిమీద లేచింది.

"లోకంలో ఇంకే పేరూ దొరకలేదా మీకు? నీళ్ళకి మా అమ్మ పేరా?"

"అందరి పేర్లూ పెట్టాను. నీదీ ఉంది."

"నేనేమిటి?"

"గాలివి. నువ్వెటు వీస్తే అందరూ అటే."

ఆవిడ మొహం ఒక్క క్షణం విప్పారింది. వెంటనే మెచ్చుకోలో దెప్పుడో తేలక ముడుచుకుంది. "సరసాలొద్దు. మా అమ్మ అక్కడ ఉండలేదండీ. ఆ ఇల్లు మీకు తెలియదా?"

తెలియకేం, తోడల్లుడిల్లు చూసినవాడెవడూ మరిచిపోలేడు. పక్కపక్క సోఫాల్లో కూర్చుని ఫోన్లలో సందేశాలు పంపించుకుంటారు. టీవీ కూడా నోరు మూసి పెడతారు, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటారు. కిందటిసారి అత్తగారు అక్కడ వారం రోజులుండి, చివరికి బట్టలుతికే మెషీనుతో కష్టసుఖాలు చెప్పుకుంటుంటే మనవరాలు చూసి హడలిపోయింది. "నాన్న పోయాక అమ్మ నోరారా మాట్లాడే చోటు ఇదొక్కటే" అంది భార్య. "ఆ నోరు కూడా మూస్తే ఇంక మనిషి మిగలదు. మీరు చేసింది మీరే సరిదిద్దుకోండి."

సరిదిద్దడానికి అతనికి తెలిసిన విద్య ఒక్కటే. కంప్యూటరు ముందు కూర్చుని, అత్తయ్య అన్న పేరు కొట్టేసి 'రెండో పొర' అని రాశాడు. ఆవిడకి చూపించాడు. "ఓహో, పేరు కూడా తీసేశారా" అందావిడ. ఇలాంటి తెలివి మగాళ్ళకే పుడుతుందని నేనంటే నన్ను తిడతారు గాని, మీరే చెప్పండి, పోట్లాట పోగొట్టడానికి మనిషి పేరు చెరిపేస్తారా ఎవరైనా?

దానికి తోడు సముద్రం కూడా మొండికేసింది. ఆ పొర తీసేసిన ముక్క పూర్తిగా చూసి ఇంకొంచెంగారు శనివారం పొద్దున్నే ఫోను చేశాడు. "ఇదేంటయ్యా, నీళ్ళా, నీళ్ళ ఫోటోనా? చచ్చిపడుంది. అత్తయ్యని వెనక్కి తీసుకురా!" ఈసారి కెరటం కావాలనే స్పీకరు గొంతు పెంచాడు. వంటింట్లోంచి ఆవిడ బయటికొచ్చింది. అతనికి లోపల ఆశ పుట్టింది.

"ఎంతిచ్చి చెప్పించారు ఆయనతో?" అంది ఆవిడ. బట్టలు సర్దుకోవడానికి లోపలికెళ్ళిపోయింది.

పెడితే బేసిన్, తీస్తే ఫోటో. మధ్యాహ్నందాకా పొరలన్నీ తిరగేసి బోర్లేశాడు. పావు పెట్టాడు, ముప్పాతిక పెట్టాడు, తోడల్లుణ్ణి అటు తిప్పాడు, బావమరిదిని పలచన చేశాడు. ఒకచోట తప్పు అంకె పడి పడవ గాల్లోకి లేచి, మేకలు మేఘాల్లో నిలబడి నవ్వుతున్నాయి. తెల్లారితే తోడల్లుడి కారు వస్తుంది. అత్తగారు వెళ్ళిపోతే భార్య తనని జీవితాంతం క్షమించదన్న భయం ఒకెత్తు. దాన్ని పక్కనపెట్టినా, ఈ నాలుగు రోజుల్లో ఒక్కరూ తన పనిని దుప్పటి అనలేదు. అనేవాళ్ళు లేకపోతే ఎవరికోసం చేస్తున్నాడో అతనికే తెలియకుండా పోయింది. నిజానికి ఆవిడ ఉండాలని అందరికంటే అతనికే ఉంది. ఆ ముక్క ఆవిడతో అనడానికి నోరు పెగల్లేదు.

పెట్టె సర్దుకోవడం అయిపోయి ఆవిడ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. కూర్చునేముందు కుర్చీలో ఏమైనా ఉందేమో చూసుకుంది.

"ఒకటడుగుతాను. ఆ రోజు అందర్నీ చూపించారు. మీ మామగారేరీ?"

కెరటం తెరమీద పేర్ల వరసని పైకీ కిందికీ జరిపాడు.

"పోయినవాళ్ళకి చోటు లేదా అందులో?"

"ఉండేవారండి" అన్నాడు కెరటం. "అందరికంటే ముందు ఆయన్నే పెట్టాను, అడుగున. పాత సినిమాలన్నిట్లోనూ ఆయనే ఉన్నారు. పోయాక నేనే తీసేశాను."

"అదేం పని?"

"ప్రతి పేరు పక్కనా నడుపు, ఆపు అని రెండు బొత్తాలుంటాయి అత్తయ్యగారూ. పనిలో రోజుకి ఎన్నిసార్లో నొక్కాలి. ఆయన పక్కనున్న 'ఆపు' నొక్కడానికి నాకు చెయ్యి రాలేదండి. చూడలేక మొత్తం చెరిపేశాను. అప్పట్నుంచీ అడుగు పొర లేకుండా పైపొరల్నే సాగదీసి నెట్టుకొస్తున్నాను."

ఆవిడ కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది. "మళ్ళీ చెయ్యండి" అంది.

"పాత అంకెలు లేవండి. గుర్తులేవు."

"మీకు లేకపోతే నాకు లేవా? నేను చెప్తాను, మీరు చెయ్యండి."

ఖాళీ పొర తెరిచాడు. పెద్ద పెద్ద మచ్చల గుడ్డ పరిచి జరిపాడు.

"అబ్బే, అంత తొందరా? ఆయనెప్పుడైనా గబుక్కున లేచారా? పేపరు మడవాలి, కళ్ళజోడు గూట్లో పెట్టాలి, మోకాళ్ళమీద చేతులుంచాలి, అప్పుడు లేవాలి."

వేగం తగ్గించాడు.

"ఇంకా నెమ్మది. ఇంకా. అయ్యో, మరీ అంతా? నిద్రపోతున్నారనుకుంటారు. కొంచెం కదలనివ్వండి. ఆఁ. ఇప్పుడు అటూ ఇటూ పోతున్నారేం? బజారుకైనా ఆస్పత్రికైనా ఆయనకి ఒకటే వీధి. తిన్నగా వెళ్ళమనండి."

దిక్కు ఒకటే చేశాడు. "ఎత్తెంత పెట్టమంటారు?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "లేచినట్టు తెలియకూడదు. తీరా చూసుకుంటే మనం పైనుండాలి."

కెరటం ఆ మాటని మనసులో రెండుసార్లు అనుకుని, మచ్చల్ని తెర పట్టనంత పెద్దవి చేసి, ఎత్తు పెంచాడు. మొదట ఏమీ కదిలినట్టే లేదు. కాసేపటికి ఆ ఖాళీ నీటిమీద పడవ, మేకలతో సహా, ఎవరూ తోయకుండా మెల్లగా పైకి వెళ్ళింది. పైన కాస్త నిలబడింది. అంత మెల్లగానూ దిగింది. అత్తగారు బల్ల అంచు పట్టుకుంది. "అదుగో" అంది. ఇద్దరూ ఆ పడవ ఎక్కడం దిగడం చూస్తూ కూర్చున్నారు. కెరటం ముక్కు ఎగబీల్చాడు, జలుబని చెప్పాడు.

అప్పుడే ఇంకొంచెంగారి ఫోను మోగింది. "ఏమయిందయ్యా, ఏదో ఒకటి చూపించు!" అని అరిచాడు స్పీకర్లోంచి. కెరటం కంగారుగా మిగతావాళ్ళని ఒక్కొక్కరినే నడిపాడు. గాలి వచ్చింది, నురగ వచ్చింది, తళుకు వచ్చింది. చివర రెండో పొర దగ్గర అతని వేలు ఆగింది. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. సగం పెట్టాడు. ఇన్నాళ్ళూ బేసిన్లో చిందులేసిన పొట్టి అలలన్నీ ఇప్పుడు ఆ పెద్ద అల వీపుమీద ఎక్కి, దానితో లేచి, దానితో దిగుతూ ఎగురుతున్నాయి.

"ఓరి నాయనా!" అన్నాడు దర్శకుడు. "ఇదీ సముద్రం అంటే. ఇంత పెద్దదెక్కడిదయ్యా? ఏం చేశావ్?"

"మామగారిని పెట్టానండి."

"బ్రహ్మాండం! అలాగే ఆ అత్తయ్యని ఇంకొంచెం తగ్గించావంటే..."

"తగ్గించడు" అంది అత్తగారు.

"ఎవరండీ అది?"

"అత్తయ్యని."

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. నాలుగు రోజులుగా దాచుకున్న గొంతు ఒక్కసారి బయటికొచ్చి గది నిండింది.

"చూడండి బాబూ, ఆయనున్నన్నాళ్ళూ నేను దీనికి రెట్టింపు ఎగిరేదాన్ని. వీధి వీధంతా వినేది. ఒక్కరూ గోల అనలేదు, బేసిన్ అనలేదు. కిందన ఆయన ఉండేవారు కాబట్టి నేనెంత ఎగిరినా ఇంట్లో ఒక్క గిన్నె కూడా ఒలికేది కాదు. ఆ సంగతి నాకూ ఇవాళే తెలిసింది." అల్లుడి వైపు తిరిగింది. "ముందు నా పేరు అక్కడ మళ్ళీ రాయండి అల్లుడుగారూ. ఆ తర్వాత పెంచండి."

"ఎంతవరకు అత్తయ్యగారూ?"

"కింద ఆయనున్నారుగా. మీ చెయ్యి నొప్పి పుట్టేదాకా పెంచండి."